కళావిద్యయు బెత్తమును

నా రెండవ కుమార్తెకు తొమ్మిదవ యేడు నడుచుచుండగా నాట్యము నేర్చుకొనుటకై మా పట్టణములోనే యొక గురువుగారి యొద్ద చేర్చితిని. ఆయన గొప్ప విద్వాంసుడనుటలో నాకు నాడును సందేహము లేదు, నేడును లేదు. విజయదశమి నాడు పండ్లు, తాంబూలము, క్రొత్త వస్త్రములు పళ్లెరమున నుంచి, పిల్లచేత పాదనమస్కారము చేయించి, "అయ్యా, ఇక నిది మీ పిల్ల" యని నా నోటితో నేనే పలికితిని. ఆఱు నెలలు గడచిన పిమ్మట నొకనాటి రాత్రి పిల్ల నిదురించుచుండగా నా భార్య దీపము వేసి, దాని పిక్కలమీద కమిలిన నాలుగు చారలను నాకు చూపెను. అవి తాళము కొట్టు కఱ్ఱ వేసిన చారలు. మఱునాడుదయమున నడుగగా పిల్ల, "తప్పు నాదే నాన్నగారూ, అడుగు సరిగా పడలేదు. మీరు మాస్టరుగారితో చెప్పకండి. చెప్పితే నన్ను వెనుక వరుసలో నిలబెట్టుతారు" అని బతిమాలెను.

అప్పుడు నేనేమి చేసితినో చెప్పుటకు సిగ్గగుచున్నది. నేనేమియు చేయలేదు. వార్షికోత్సవ మింక మూడు వారములే యున్నది. పిల్ల ముందు వరుసలో నున్నది. ఇంతటి విద్య చెప్పువారు మా యూర మఱియొకరు లేరు. ఈ మూడు సమాధానములను నాకు నేనే చెప్పుకొని, నెల మొదటి తేదిని జీతము చెల్లించి, చేతులు జోడించి తిరిగి వచ్చితిని.

నేను బడిపంతులను. ఇరువది సంవత్సరములుగా పిల్లలకు పాఠములు చెప్పుచున్నాను. నా తరగతి గదిలో బెత్తము లేదు. లెక్కల పంతులు నా బిడ్డను అట్లు కొట్టియుండినచో మఱునాడే ప్రధానోపాధ్యాయుని గదిలో కూర్చుండి జవాబు అడిగియుందును. నాట్యగురువు కొట్టినపుడు మాత్రము నమస్కరించి వచ్చితిని. ఈ భేదమెక్కడనుండి వచ్చినది? సంగీతనాట్యాది కళలను పసితనమున నేర్పుచోట దెబ్బకును తిట్టునకును ఇంత చనువెట్లు కలిగినది? పూర్వపు తల్లిదండ్రులేమి చేసిరి? ఎవరైన నెదిరించిరా? ఈ ప్రశ్నలు నన్ను కొన్ని మాసములు పుస్తకముల వెంట త్రిప్పినవి. దొరకినదానిని చదువరుల యెదుట నుంచుచున్నాను.

మనలో పెక్కుమంది చెప్పు మొదటి మాట, "గురుదండనము మన సంప్రదాయము; శాస్త్రమే యొప్పుకొనినది" అనునది. సంస్కృతము చదివినవాడనగుటచే ఈ మాటను మూలములతో సరిచూచు బాధ్యత నాకున్నది. ఆపస్తంబ ధర్మసూత్రము తప్పు చేసిన శిష్యునకు గురువు విధింపదగిన శిక్షలను లెక్కపెట్టినది: బెదరించుట, ఉపవాసముంచుట, చన్నీట స్నానము చేయించుట, తన యెదుటికి రానీయకుండుట. ఈ పట్టికలో కఱ్ఱ లేదు. గౌతముడు శిష్యుని కొట్టకయే శాసింపవలెనని మొదట విధించెను. అది సాధ్యము కానప్పుడు సన్నని త్రాడుగాని సన్నని వెదురుబద్దగాని వాడవచ్చుననియు, మఱి దేనితో గొట్టినను ఆ గురువును రాజు శిక్షింపవలెననియు చెప్పెను. మనువు ఎనిమిదవ అధ్యాయమున, కొట్టినచో వీపుమీదనే గాని తలమీద కొట్టరాదనియు, ఇందుకు విరుద్ధముగ కొట్టినవానికి దొంగకు పట్టు దోషము పట్టుననియు వ్రాసెను. రెండవ అధ్యాయమున, ప్రాణులకు మేలును బోధించుట హింస లేకయే జరుగవలెననియు, బోధించువాని వాక్కు మధురముగను మెత్తగను ఉండవలెననియు చెప్పియే యున్నాడు.

ఇందలి సత్యమును ఒక ప్రక్కకు లాగుట న్యాయము కాదు. ఆ ధర్మకర్తలలో గౌతమమనువులు కొంత దండన మొప్పుకొనిరి. ఐదేండ్లు లాలించి పదియేండ్లు కొట్టుమని బోధించు నీతివాక్యమును మన యిండ్లలో అందఱి నోటను ఉన్నదే. కాని ధర్మసూత్రములలో ఒక సంగతి స్పష్టము: గురువును హద్దునకు లోబడినవాడే; ఆ హద్దు దాటినప్పుడు అతనిని శిక్షించుటకు రాజున్నాడు. మనము కాలక్రమమున కఱ్ఱను నిలుపుకొంటిమి, హద్దును మఱచితిమి, రాజును మఱచితిమి. మన వీధిబడులలో కోదండము వేయుట, అనగా పిల్లవానిని దూలమునకు గట్టిన త్రాటిని పట్టించి వ్రేలాడదీయుట, ఏ ధర్మసూత్రములోనిది? అట్టి బడికి బిడ్డను పంపుచు, కండ్లు మాత్రము విడిచిపెట్టి తక్కినదంతయు దండింపుమని పంతులుతో చెప్పిన తండ్రులున్నారని మన పెద్దలు చెప్పుకొని నవ్వెడివారు. ఆ నవ్వులో చరిత్ర యున్నది.

ఇది మన దేశపు దోషము మాత్రమే కాదు. రోము నగరమున క్రీస్తుశకము మొదటి శతాబ్దమున క్వింటిలియను అను ఆచార్యుడు వక్తృత్వకళను నేర్పుచుండెను. ఆనాటికి వక్తృత్వము కళలలోకెల్ల గొప్ప కళ. పిల్లలను కొట్టుట ఆచారమైయున్నను తనకది యిష్టము లేదని ఆతడు తన గ్రంథమున వ్రాసెను. అది బానిసలకు దగిన శిక్ష యనియు, మందలింపునకు లొంగని పిల్లవాడు దెబ్బలకును మొద్దుబాఱుననియు, ప్రక్కనుండి శ్రద్ధగా చదివించువాడున్నచో దెబ్బతో పనియే యుండదనియు ఆతని వాదము. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. దెబ్బలు తిను పిల్లలకు నొప్పిచేతను భయముచేతను పైకి చెప్పుకొనరాని అవమానములు కలుగుననియు, ఆ సిగ్గు వారి మనస్సును విఱిచి వెలుతురును జూడ నొల్లనీయదనియు, గురువుల గుణమును విచారింపక యెన్నుకొనుటవలన ఈ హక్కును నీచులు దుర్వినియోగము చేయుదురనియు ఆతడు హెచ్చరించెను. పందొమ్మిది వందల యేండ్ల క్రిందట నొక పంతులు, పిల్ల తన గాయమును తానే దాచుననియు, గురువు నెన్నుకొనుట తల్లిదండ్రుల పూచీ యనియు గుర్తించెను. నా కుమార్తె "చెప్పకండి" అన్న మాట ఆ పుటలు చదువునప్పుడు నా చెవిలో మ్రోగినది.

ఇక కళాశిక్షణము ఒక పెద్ద వ్యాపారముగ మాఱినచోట తల్లిదండ్రులేమి చేసిరో చూడవలెనన్నచో ఇటలీలోని నేపుల్సు నగరమునకు పోవలెను. అచ్చట పదునాఱవ శతాబ్దమున నాలుగు అనాథశరణాలయములు వెలసినవి. వానిని కన్సర్వటోరియో లనిరి. దిక్కులేని పిల్లలను కాపాడు చోటు అని ఆ పేరునకర్థము. తరువాతి శతాబ్దమున నవి సంగీతపాఠశాలలుగా మాఱినవి. పిల్లలు ఊరేగింపులలోను శవయాత్రలలోను పాడి సంస్థకు ధనమార్జించిరి. అప్పుడు చర్చిలలోను సంగీతరూపకములలోను ఉచ్చస్వరమున పాడు పురుషులకు మిక్కుటమైన గిరాకి యుండెను. కంఠము మాఱక పూర్వమే బాలుని నపుంసకునిగా చేసినచో ఆ స్వరము జీవితాంతము నిలుచును. మంచి కంఠమున్న కొడుకును కన్న బీదతండ్రులు కొందఱు ఈ పనికి ఒడంబడిరి.

ఆంగ్ల సంగీతచరిత్రకారుడు చార్లెసు బర్నీ 1770లో నేపుల్సునకు పోయి, అందొక పాఠశాలను స్వయముగా చూచి, మఱుసటి యేడు ప్రకటించిన పుస్తకమున వర్ణించెను. ఒకే గదిలో ఏడెనిమిది హార్ప్సికార్డులు, అంతకు మించిన వయొలిన్లు, పాడువారి గొంతులు, ఎవరి పాఠము వారిదిగా ఒక్కసారి మ్రోగుచుండెను. పిల్లల పడకలే వారికి కూర్చుండు పీటలు. చలికాలమున తెల్లవారుటకు రెండు గంటల ముందే లేచి, భోజనమునకు ఒకటిన్నర గంట తప్ప, రాత్రి యెనిమిది వఱకు సాధన చేయవలెను. శస్త్రచికిత్స జరిగిన పదునార్గురు బాలురు మాత్రము జలుబు చేసి కంఠము చెడునను భయమున మేడమీద వెచ్చని గదులలో వేఱుగ నుంపబడిరి. వారి శరీరముపై శ్రద్ధ లేదని యనరాదు, తప్పక యుండెను, గుఱ్ఱపు వర్తకునకు గుఱ్ఱముపై నుండునట్టిది.

ఈ శస్త్రచికిత్స యెచ్చట జరుగునని బర్నీ ఇటలీ యంతట నడుగుచు పోయెను. మిలానులో అడుగగా వెనిసులో ననిరి. వెనిసులో బొలోనాలో ననిరి. బొలోనావారు ఫ్లారెన్సును, ఫ్లారెన్సువారు రోమును, రోమువారు నేపుల్సును చూపిరి. అన్నిచోట్లను అది చట్టవిరుద్ధమే. కనుక సిగ్గుపడి ప్రతివారును దానిని పొరుగూరి మీదికి నెట్టిరి. కన్నవారును అంతియే. గుఱ్ఱముపైనుండి పడినాడనియో, జంతువు కఱచినదనియో, వ్యాధి వచ్చినదనియో చెప్పెడివారు. ఎవరి యింటను చేయబడని పని వేలకొలది పిల్లలకెట్లు జరిగినది? అందఱును ఎఱిగియుండి, ఎవరును ఎఱుగనట్లు నటించినచో ఎంత ఘోరమైనను నిరాటంకముగా సాగునని ఈ చరిత్ర చెప్పుచున్నది. వారిలో ఫారినెల్లి వంటి ఒకరిద్దఱు రాజాస్థానములలో వెలిగిరి. వారి పేళ్లే నిలిచినవి. కంఠము నిలువక, కుటుంబము లేక, చర్చి మూలలలో జీవితము ముగించినవారి పేళ్లను ఎవరును వ్రాసియుంచలేదు. తల్లిదండ్రులకు కనబడునది ఎప్పుడును ఫారినెల్లియే.

ఈ చీకటిలో నాకొక తండ్రి కనబడెను. ఆతడు పండితుడు కాడు, ధనికుడు కాడు. బండిచక్రములు చేయు వడ్రంగి. ఆస్ట్రియాలో రోరావు అను పల్లె ఆతనిది. పేరు మథియాసు హైడను. స్వరలిపి రాకున్నను సాయంకాలమున హార్పు మీటుచు భార్యతో గలిసి పాడెడివాడు. 1732లో పుట్టిన కొడుకు జోసెఫు మంచి గొంతు గలవాడని చూచి, ఆఱేండ్ల ప్రాయముననే హైన్బుర్గు పట్టణమున బంధువగు ఒక బడిపంతులునకప్పగించెను. అచ్చట పిల్లవాడు అనేక వాద్యములు నేర్చుకొనెను; దెబ్బలును తినెను; ఆకలితోను పడుకొనెను. రెండేండ్లకు వియన్నాలోని సెయింటు స్టీఫెన్సు చర్చి గాయకబృందమున చేర్పబడెను. అచ్చటను కడుపు నిండుట యరుదే.

బాలుని కంఠము మాఱు కాలము సమీపింపగా, ఆ బృందపు నాయకుడు తండ్రికి వర్తమానమంపెను. శస్త్రచికిత్స చేయించినచో పిల్లవాని భాగ్యము పండును, ఒప్పుకొనుమని కోరెను. ఆ కాలమున ఆస్థానములోను చర్చిలలోను అట్టి గాయకులు పెక్కుమంది జీతములు పుచ్చుకొనుచుండిరి. వడ్రంగికి బిడ్డలు పలువురు. రాజధానిలో పెద్దవిద్వాంసుడు, పల్లెటూరి కూలివానితో, నీ కొడుకు అదృష్టవంతుడగునని చెప్పుచున్నాడు. నావంటివాడు మూడు సమాధానములు చెప్పుకొనునది ఇట్టి సమయముననే. మథియాసు చెప్పుకొనలేదు. ఆ ప్రతిపాదనము మాట విన్నంతనే వియన్నాకు బయలుదేఱెను. ఆసరికే ఆ పని జరిగిపోయినదేమో యను భయముతో కొడుకున్న గదిలో అడుగుపెట్టి, ఎక్కడనైన నొప్పిగా నున్నదా, నడువగలవా యని యడిగెను. ఏమియు జరుగలేదని తెలిసికొని ఊపిరి పీల్చుకొనెను. ముసలితనమున హైడను స్వయముగ చెప్పగా విని గ్రీసింగరు అను నాతడు 1810లో ప్రకటించిన జీవితచరిత్రలో ఈ కథ యున్నది. తండ్రి ఆ ప్రయాణము మానియుండినచో ఏమి జరిగియుండునో ఊహించుటకు భయము వేయును.

ఇచ్చట చదువరులొక ప్రశ్న వేయుదురు. "అయ్యా, హైన్బుర్గులో ఆ పంతులు కొట్టినందుననే గదా హైడను హైడనైనది? ఆయనయే కృతజ్ఞత చూపలేదా?" అని. చూపెను. తన్నన్ని విద్యలలో శ్రమింపజేసినందుకు ఆ గురువునకు సమాధిలోనున్నను ఋణపడియుందుననియు, అయినను అచ్చట తిండికంటె దెబ్బలే ఎక్కువ దొరకినవనియు గ్రీసింగరుతో చెప్పెను. 1809లో చనిపోవుటకు ముందు వ్రాసిన మరణశాసనమున ఆ గురువు కుమార్తె దంపతులకు నూఱు గుల్డెనులును, తన యొద్దనున్న గురువు చిత్రపటమును వ్రాసియిచ్చెను. ఇంతకంటె గురుభక్తి యేమున్నది? కాని వ్యాకరణము నేర్పువాడనుగనుక ఆ వాక్యములోని యొక అవ్యయమును చదువరులకు చూపెదను. హైడను "దెబ్బలు కొట్టినాడు, కనుక కృతజ్ఞుడను" అనలేదు. విద్య నేర్పినందుకు కృతజ్ఞుడననియు, "అయినను" దెబ్బలు తింటిననియు చెప్పెను. లోకము ఆ "అయినను" తీసివేసి "కనుకనే" యని చదివినది. గొప్ప కళాకారుల జీవితచరిత్రలను మనము చదువు తీరెల్ల ఇంతియే. కొట్టబడియు పైకివచ్చినవానిని, కొట్టబడినందున పైకివచ్చినవానిగా లెక్కించుచున్నాము. కొట్టబడి ఆ వాద్యమును మఱల ముట్టనివారిని లెక్కించుటయే లేదు.

తండ్రియే గురువైనచోట పిల్లకు పరుగెత్తి వచ్చు తండ్రియును ఉండడు. బాను నగరమున బెటోవెను తండ్రి ఆస్థానగాయకుడు, త్రాగుబోతు. మోజార్టు వలె తన కొడుకును బాలమేధావియని చూపి ధనమార్జింప దలచెను. 1778 మార్చి 26వ తేదిని కొలోను పట్టణమున కచేరి పెట్టించి, ఏడేండ్లు నిండిన పిల్లవానికి ఆఱేండ్లని ప్రకటించెను. చిన్నవాడు వాద్యము ముందు నిలువబడి ఏడ్చుచు వాయించుచుండుటను ఇరుగుపొరుగువారు చూచిరి, చెప్పుకొనిరి, ఎవరును తలుపు తట్టలేదు. పదునెనిమిదేండ్లకే ఆ కొడుకు తండ్రి జీతములో సగము తనకే యిప్పింపుమని ప్రభువునకర్జీ పెట్టి, తమ్ముల పోషణభారమును తలకెత్తుకొనవలసి వచ్చెను. కీర్తి వచ్చినది, ఆ యింటిలో బాల్యము మాత్రము రాలేదు.

మన దేశమున దీనికి సాటియైన యుదాహరణము మైహరు. అల్లావుద్దీను ఖాను మహావిద్వాంసుడు, దయాళువు, 1918 ప్రాంతమున అనాథబాలురను చేరదీసి వారికి వాద్యములు నేర్పి బృందముగ తీర్చినవాడు. కాని కోపమునకు మేర లేదు. 1922లో పుట్టిన కుమారుడు అలీ అక్బరును పసినాటినుండి దినమునకు పదునెనిమిది గంటల వఱకు సాధన చేయించుచు తీవ్రముగ దండించెను. రవిశంకరు 1968లో ప్రకటించిన తన పుస్తకమున ఈ సంగతులు దాచలేదు: కొడుకును చెట్టునకు గట్టి కొట్టుట, అన్నము పెట్టనీయకుండుట. రవిశంకరు మాత్రము 1938లో పదునెనిమిదేండ్ల వాడై ఆ యింట చేరినను దెబ్బ యెఱుగడు. ఒకనాడు గురువు విసుగుకొని, మణికట్టులలో బలము లేదు, పోయి గాజులు తొడుగుకొమ్మనగా ఆ యొక్క మాటకే మనస్సు విఱిగి మూట గట్టుకొనెను. అలీ అక్బరు ఆశ్చర్యపడెను. ఇంత మాత్రమునకేనా, తాను దినదినమును దెబ్బలు తినుచున్నాననెను. పిమ్మట గురువే మెత్తబడి శిష్యుని నిలుపుకొనెను.

ఒకే గురువు, ఒకే యిల్లు, ఒకే విద్య. ఒకడు దెబ్బలతో నేర్చెను. ఒకడు దెబ్బ లేక నేర్చెను. ఇద్దఱును లోకప్రసిద్ధులైరి. ఒకడు శిశువు, ఒకడు యువకుడు గావున ఇది కచ్చితమైన తూనిక కాదని నేనెఱుగుదును. అయినను బెత్తము లేనిదే ఆ విద్య రాదనువాదము ఈ యొక్క యింటిలోనే వీగిపోవుచున్నది. ఇంకొక సంగతి. 1935లో ఉదయశంకరు నాట్యబృందము ఐరోపాకు బయలుదేఱునప్పుడు రవిశంకరు తల్లి హేమాంగిని బొంబాయి రేవులో కొడుకు చేతిని అల్లావుద్దీను చేతిలో పెట్టి, వీనికి తండ్రి లేడు, మీ బిడ్డగా చూచుకొనుడని కన్నీటితో కోరెను. ఆయనయు కంటతడి పెట్టి మాట యిచ్చెను. నేనును "ఇది మీ పిల్ల" యంటిని. రెండు మాటలును ఒకటే వలె వినబడును. ఆమె యొక మాటను తీసికొనెను. నేనొక హక్కును వదలుకొంటిని. ఆమె గురువును బాధ్యునిగ చేసెను. నేను స్వతంత్రునిగ చేసితిని.

ఇవి గతించిన కాలపు సంగతులని తోచవచ్చును. మథియాసు పరుగెత్తిన ఆ వియన్నా నగరముననే, స్టేటు ఒపేరాకు చెందిన నృత్యవిద్యాలయమున పిల్లలను తన్నుట, జుట్టు పట్టి లాగుట, గీరి గాయపఱచుట, శరీరములనుగూర్చి యెగతాళి చేయుట జరుగుచున్నదని 2019 ఏప్రిల్‌లో ఒక వారపత్రిక బయటపెట్టెను. ప్రభుత్వము నియమించిన విచారణసంఘము అదే యేడు డిసెంబరులో నివేదిక యిచ్చి, అచ్చట పిల్లల క్షేమమునకు చాలినంత రక్షణ లేకపోయెనని తేల్చెను. సన్నగా నుండుటకై పొగ త్రాగుమని పిల్లలకు సలహా యిచ్చుటయు నిజమేనని తేలెను. ఇంగ్లాండులో బాలల లైంగిక పీడనమును విచారించిన సంఘము 2022 మార్చిలో వసతి పాఠశాలలనుగూర్చి ప్రకటించిన నివేదికలో సంగీతపాఠశాలలను ప్రత్యేకముగ నెన్నినది. ఒంటరిగదిలో ఒకే గురువు ఒకే శిష్యునకు పాఠము చెప్పుట, ఆ గురువునకున్న కీర్తి, ఆతని మాటపైననే శిష్యుని భవిష్యత్తు ఆధారపడియుండుట, ఈ మూడును కలిసి పిల్లలను నిస్సహాయులను చేసినవని చూపెను. క్వింటిలియను సిగ్గుపడి విప్పి చెప్పక విడిచినదానిని ఆ నివేదిక విప్పి చెప్పెను.

మన చట్టము చాలదూరము వచ్చినది. అందు తల్లిదండ్రుల పాలును ఉన్నది. 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు బడులలో దేహదండనమునకు అనుమతించిన నియమములను కొట్టివేయుటకు కారణము తల్లిదండ్రుల సంఘమొకటి వేసిన వ్యాజ్యమే. 2002లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడులలో దేహదండనమును నిషేధించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము పదునేడవ విభాగమున దేహదండనమును మానసిక వేధింపును రెండింటిని నిషేధించెను. కాని ఆ చట్టము బడికి సంబంధించినది. మేడమీది గదిలో నడుచు నాట్యతరగతికి, ఇంటి వరండాలోని సంగీతపాఠమునకు తనిఖీదారు రాడు. అచ్చట వర్తించునది 2015 నాటి బాలన్యాయ చట్టము డెబ్బదియైదవ విభాగము. పిల్లను తన యధీనమున నుంచుకొనినవాడెవడైనను కొట్టి బాధించి అనవసరమైన శరీరమనోవేదన కలిగించినచో మూడేండ్ల వఱకు కారాగారమో, లక్ష రూపాయల జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. గౌతముడు చెప్పిన రాజు మఱల వచ్చినాడు. అయితే రాజునకు కబురు పంపవలసినవారు ఇంటివారే.

జపానులో షినిచి సుజుకీ అను వయొలిన్ ఆచార్యుడు 1946 మొదలు మత్సుమోటో పట్టణమున పసిపిల్లలకు నేర్పుచు ఒక పద్ధతి పెట్టెను. మొదట తల్లి వయొలిన్ పట్టుకొని ఒక పాట నేర్వవలెను. పిమ్మట పాఠమునకెల్ల ఆమె ప్రక్కన కూర్చుండవలెను. దాని సంగీతఫలమును విద్వాంసులు విచారింతురు గాక. నాకందు నచ్చినది తలుపు తెఱచియుండుట. తల్లి కూర్చున్న గదిలో కఱ్ఱ లేవదు. తానును తీగెను మీటి తప్పు వాయించిన తల్లికి, తప్పు వాయించుట నేరము కాదని తెలియును.

ఇంత చదివిన పిమ్మట నేను గురువుగారి యింటికి మఱల పోయితిని. వార్షికోత్సవము ముగిసినది, నా కుమార్తె ముందు వరుసలోనే యాడినది, జనులు చప్పట్లు కొట్టిరి, నేనును కొట్టితిని. ఆ చప్పట్లు నాకు సుఖము నీయలేదు. "అయ్యా, మీ విద్యయందు నాకు గౌరవము తగ్గలేదు. ఇకమీద పాఠము జరుగునంతసేపు నేను గాని దాని తల్లి గాని ఒక మూల కూర్చుందుము. కఱ్ఱ పీటమీదనే పడవలెను" అని మనవి చేసితిని. ఆయన కొంతసేపు నన్ను చూచి, "మా గురువుగారు మమ్మును కొట్టిన దెబ్బలలో ఇది పదవవంతు లేదు, మాస్టారూ. నమ్మకము లేనిచో పిల్లను తీసికొనిపొండు" అనెను. ఆయన కంఠమున కోపముకంటె నొప్పియే యెక్కువగా వినబడెను. ఆయనయు ఒకప్పుడు పిక్కలమీద చారలు దాచుకొన్న పిల్లవాడే. ఆయనకొఱకు పరుగెత్తి వచ్చిన తండ్రి లేడు.

పిల్లను తీసికొని వచ్చితిని. అది నాలుగు దినములు నాతో మాటలాడలేదు. ఒక సంవత్సరము నాట్యము లేకయే గడచినది. ఆ నష్టము చిన్నది కాదు, దానిని నేను చిన్నదిగ చెప్పను. ఆ తరగతిలోని పిల్లల తల్లిదండ్రులు కొందఱు నన్ను బజారులో కలిసికొని, మంచిపని చేసితిరని మెల్లగా చెప్పి, అటునిటు చూచి వెడలిపోయిరి. వారు తమ పిల్లలను పంపుట మానలేదు. వారిని నిందింపజాలను, ఆఱు నెలలు నేనును వారిలో నొకడనే. ఇప్పుడు నా కుమార్తె తెఱచిన తలుపులు గల యొక ఇంటిలో వేఱొక గురువమ్మగారి యొద్ద నేర్చుకొనుచున్నది. ముందు వరుస ఇంకను రాలేదు. అడుగు తప్పినప్పుడు ఒక క్షణము కాలు వెనుకకు లాగుకొనును; ఆమె నవ్వి, మఱల తాళము వేయును.

చదువరులైన తల్లిదండ్రులకు నేను చెప్పదగినది పెద్దదేమియు లేదు. గురువునకు నమస్కరింపుడు; కాని పిల్లను దత్తత యిచ్చినట్లు ఇచ్చివేయకుడు. కీర్తిని చూచి చేర్చుటకు ముందు, ఆ గదికి తలుపు తెఱచియుండునా యని చూడుడు. పిల్ల తప్పు తనదేయని చెప్పినప్పుడు ఆ మాటను సాక్ష్యముగ గొనకుడు. భయము మొదట నేర్పు పాఠమదియే. మఱియు పాఠమునుండి వచ్చిన బిడ్డను, నేడేమి నేర్చుకొంటివని అడుగుటకు ముందు, ఆ బండిచక్రముల వడ్రంగి అడిగిన ప్రశ్నను అడుగుడు: ఎక్కడనైన నొప్పిగా నున్నదా? అడిగి, జవాబు వచ్చువఱకు నిలువుడు.